మగ్గం పక్క పలక

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడతాయి, గొంతు పెరుగుతుంది, ఎవరూ అడగని వివరాలు రెండు కలుపుతాను. అలాంటి నేను ఒక అబద్ధం చెప్పి వారం రోజులు నెట్టుకొచ్చానంటే అది నా గొప్పేమీ కాదు. ఆ వారమంతా నాయన నా ముఖం చూడలేదు, అంతే. మగ్గం దగ్గర కూర్చున్న ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఇద్దరి చూపూ గుడ్డ మీదే ఉంటుంది.

మాది ధర్మవరం. పట్టు నేసే ఇల్లు. ముందుగదిలో సగం మగ్గమే. నేలలో గుంట, గుంటలో నాయన కాళ్లు. మిగిలిన సగంలో టీవీ, బీరువా, వచ్చినవాళ్లకు ఒక ప్లాస్టిక్ కుర్చీ. అమ్మ రాట్నం లోపలి గదిలో. ఇద్దరు చుట్టాలు ఒకేసారి వస్తే ఒకరు గడప మీద కూర్చోవాల్సిందే.

నాయన నేసేది పెద్ద అంచు చీరలు. నడుమ ఒక రంగు, అంచు ఇంకో రంగు. ఆ రెండూ కలిసేచోట గీత గీసినట్టు తెగి కనిపించాలంటే అంచులకు వేరే నాడెలు వేయాలి. నాడె అంటే అడ్డదారం మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే చెక్క. నడుమ నాడె, ఎడమ అంచు నాడె నాయన చూసుకుంటాడు. కుడి అంచు నాడెకు ఇంకో మనిషి కావాలి. గుంట పక్కన ఒక పలక మీద కూర్చుని, నాయన కాలు తొక్కిన ప్రతిసారీ తన నాడె లోపలికి పంపి వెనక్కి తీసుకోవడం ఆ మనిషి పని. పక్కమనిషి అంటారు. మొదట్లో అమ్మే కూర్చునేది. మోకాళ్లు అరిగిపోయాక ఆమె నాడెలో పెట్టే దారం కండెలు చుట్టడానికి మారింది. డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి ఆ పలక నాది. కాలేజీకి పోయేముందు రెండు గంటలు, వచ్చాక దీపాలు పెట్టేదాకా. పరీక్షలప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకొని కూడా నాడె వేశాను. నాయన తిట్టాడు. పుస్తకాన్ని కాదు, నన్ను.

బయటి నుంచి పక్కమనిషిని పిలుచుకుందామంటే దొరకరు. మా వీధిలో ఈడొచ్చిన వాళ్లంతా తెల్లారేసరికి డబ్బా పట్టుకొని ఫ్యాక్టరీ బస్సు ఎక్కేస్తున్నారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, అక్కడ నెలనెలా జీతం వస్తుంది. అందుకే పెద్ద అంచు నేసే మగ్గాలు వీధిలో ఒక్కొక్కటే తగ్గిపోయి, చివరికి మాది, మూలింటివాళ్లది మిగిలాయి. "పెద్దంచు ఆయన ఇల్లు యాడ?" అని అడిగితే మా ఇల్లు చూపిస్తారు. నాయనకు ఆ పేరంటే లోలోపల ఎంత ఇష్టమో అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు.

డిగ్రీ అయిపోయింది. లెక్కల్లో నాకు మంచి మార్కులు వచ్చాయి. మా లెక్చరర్ మేడం పట్టుబట్టి హైదరాబాదులోని ఒక పెద్ద యూనివర్సిటీకి నాచేత పరీక్ష రాయించింది. "రాయి, వస్తే చూద్దాం" అంది. ఇటు అనంతపురం యూనివర్సిటీలో కూడా సీటు వచ్చేట్టుంది. పొద్దున బత్తలపల్లె మీదుగా పోయే బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు. ఇంట్లో తిండి, ఇంట్లో పడక, చీకటి పడేలోగా మగ్గం. అంతా అమరినట్టే కదా అనుకున్నాను. హైదరాబాదు సీటు రాకపోతే బాగుండునని ఒక దేవుడికి, వస్తే బాగుండునని ఇంకో దేవుడికి మొక్కుకున్నాను. దేవుళ్లు మాట్లాడుకుంటారేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

ఆషాఢం అది. మా పక్క ఆ నెలలో గాలి మామూలుగా వీచదు, దుమ్ము ఎత్తిపోస్తుంది. తలుపులన్నీ బిగించుకొని లోపల ఉక్కకు చస్తూ నేస్తాం. ఊరి బయట వేరుశనగ వేసినవాళ్లు వాన కోసం ఆకాశం చూస్తుంటే, మా వీధివాళ్లం వాన పడితే గుంటలో నీళ్లూరి మగ్గం నిలిచిపోతుందని భయపడతాం. ఒకే ఊళ్లో ఒకే మబ్బుకు ఇన్ని రకాల మొక్కులు.

అమావాస్యకు మగ్గం ఆడదు. అమావాస్య మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. సీటు వచ్చింది. హాస్టల్ గది కూడా ఇచ్చారు. పది రోజుల్లోగా సొమ్ము కట్టి ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ పెరట్లో తొట్టి దగ్గర నిలబడి నాలుగుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం. రెండోసారి నాయన పక్కన ఖాళీ పలక కనిపించింది. మూడోసారి, నాలుగోసారి ఏం కనిపించిందో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను.

"నాయనా, హైదరాబాదులో సీటు ఇచ్చినారు. హాస్టల్ మాత్రం లేదంట. బయట రూము చూసుకోవల్లంట."

నాయన ముద్ద కలుపుతూ ఆగాడు. "బయట రూమా? ఆ ఊర్లో మనకెవరుండారు? యాడుంటావు?"

"అదే నేనూ అంటాండా. ఎట్లాగూ ఆ లేడీస్ హాస్టల్లో నీళ్లు కూడా సరిగా రావంట." చూశారా, అవసరం లేని వివరం.

"అట్లయితే వద్దులే. అనంతపురం ఉండాది కదా." అని నాయన పెరుగు వేసుకున్నాడు. అమ్మ నా వంక ఒకసారి చూసి, లేచి చెంబు తెచ్చింది. బయట రూమంటే ఆయన వద్దంటాడని నాకు ముందే తెలుసు. తెలిసే ఆ అబద్ధాన్ని ఎంచుకున్నాను. నా నోటితో పోనని చెప్పకుండా ఆయన నోటితో వద్దనిపించాను. ఆ తెలివికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. సిగ్గులేని పిల్లను!

సాయంత్రానికి వీధిలో తెలిసిపోయింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏమే, పట్నం పోతాండావంటనే! ఇంగ మా మాటలు నీకు నచ్చవులే."

"పోవడంలేదు పెద్దమ్మా, ఈడే సదువుకుంటా."

"బంగారట్లా పిల్ల! నాయనను ఇడిసి పెట్టకుండా ఉండావు చూడు. మా వాడుండాడు, ఎందుకూ పనికిరాడు." అని లోపలున్న కొడుకుకు వినబడేలా అంది. ఆమె అట్లా అన్నప్పుడు నేను నిజంగానే త్యాగం చేసినట్టు అనిపించింది. రాత్రి అన్నం కూడా కొంచెం తక్కువ తిన్నాను, త్యాగం చేసినవాళ్లు తక్కువ తింటారేమోనని.

కానీ ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక పలక మీద కూర్చున్నప్పుడు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. నాడె వెనక్కి తీసుకునేటప్పుడు దారం చూసి లాగాలి, ఎంత అవసరమో అంతే. నేను బిగించి గుంజాను. గుంజుతున్నానని నాకే తెలియలేదు. నేసిన గుడ్డ ఎప్పటికప్పుడు ముందున్న కర్రకు చుట్టుకుపోతుంది, కాబట్టి తప్పు కళ్ల ముందు ఎక్కువసేపు నిలవదు. నాయనకు అప్పుడే తెలిసిందేమో అని ఇప్పుడు అనుమానం. ముప్పై ఏళ్ల చేయి అది. తెలిసీ ఏమీ అనలేదేమో.

ఆరో రోజుకు చీర అయిపోయింది. ఆ వార్పులో అదే ఆఖరి చీర. వార్పు అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారాలు, మాకు అందులో నాలుగు చీరలు వస్తాయి. కోసిన చీరను దేవుని పటం ముందు పెట్టి తీశాం. మడిచేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి. ఒక కొన నాయన, ఒక కొన నేను పట్టుకొని అంచుకు అంచు కలుపుతాం. సరిగా నేసిన చీర అయితే పైట నుంచి కుచ్చిళ్ల దాకా రెండంచులూ అతికినట్టు కలిసిపోతాయి.

ఆ రోజు కలవలేదు. ఎడమ అంచు నిటారుగా ఉంది. కుడి అంచు ఒకచోట జానెడు మేర లోపలికి లాక్కుపోయింది. బిగించి కట్టిన చోట నడుము సన్నబడినట్టు. అది నా అంచు.

నాయన చీరను తలుపు దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టాడు. వేలితో ఆ చోటంతా తడిమాడు. నేను తిట్లకు సిద్ధమయ్యాను. మంచి పట్టు, మంచి జరీ, సరుకంతా మాదే. చీరలు కొనే షావుకారు ఇలాంటిది తీసుకోడు.

"ఈ జానెడు ఏ పొద్దు నేసింది?" అన్నాడు.

"నాకేం తెలుసు."

"నాకు తెలుసు. అమాస మర్నాడు. అన్నాలు తిన్నంక." చీర నుంచి కళ్లు ఎత్తలేదు. "ఆ పొద్దు ఏమి జరిగింది చెప్పు."

నా చెవులు కాలిపోయాయి. చెప్పేశాను. హాస్టల్ ఇచ్చారని, ఇంకా నాలుగు రోజులే గడువుందని, అబద్ధం చెప్పానని. చెప్పి ఊరుకోకుండా ఎదురు తిరిగాను. "ఏం చెయ్యమంటావు? నేను పోతే నీ పక్కన ఎవరు కూసుంటారు? అమ్మ కూసుంటుందా ఆ మోకాళ్లతో? పెద్దంచు ఆయన, పెద్దంచు ఆయన అంటారే, ఒంటిచేత్తో నేస్తావా?"

"నిన్ను ఉండమని నేనెప్పుడైనా అడిగినానా?"

"అడగలేదు. అడగకుంటే నాకు కండ్లు లేవా?"

లోపలి గదిలో అమ్మ రాట్నం ఆగింది. నాయన చీరను మడిచి, షావుకారికి ఇచ్చే సంచిలో కాకుండా బీరువాలో పెట్టాడు. రాట్నం మళ్లీ తిరిగింది.

మర్నాడు పొద్దున్నే చొక్కా వేసుకొని బజారుకు పోయాడు. పదకొండుకు తిరిగివచ్చి కొత్త వార్పు కింద పెట్టాడు. విప్పి చూడకుండానే నాకు అర్థమైంది. అంతా ఒకటే రంగు, వేలెడు అంచు. ఒంటి నాడె చీరలు. ఒక్క మనిషి కూర్చుని నేసుకునేవి. ఇలాంటివి నేసేవాళ్లు మా ఊళ్లో వందలమంది ఉన్నారు. నాయన ఎప్పుడూ వాళ్లను తక్కువ చేసి మాట్లాడలేదుగానీ, తను ఎప్పుడూ నేయలేదు.

తర్వాత గుంటలో దిగి, సుత్తి తీసుకొని, నేను కూర్చునే పలకకు కొట్టిన మేకులు పీకడం మొదలుపెట్టాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"ఎవరిని అడిగి తీస్తాండావు? అది నా పలక!"

"పలకకు పనిల్యాకపాయె, తీస్తాండా. కాలికి తగులుతుంది."

"నేనింకా పోతానని చెప్పలేదు కదా!"

"పొమ్మని నేనూ అనలేదు కదా." మేకు పీకి నేల మీద పెట్టాడు. "నాకు పక్కమనిషి అక్కరలేని పని తెచ్చుకున్నా. ఇంగ మగ్గం నీకు అడ్డం కాదు. ఇప్పుడు చెప్పు, పోతావా, ఉంటావా?"

పోతానని గట్టిగా అనాలి కదా. అడ్డం తొలగిపోయింది కదా. నిలబడే ఏడ్చాను, ముక్కు చీదుకుంటూ, ఇరవై ఒక్క ఏళ్ల ఆడపిల్లను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది, పెరట్లో మెసేజ్ మూడోసారి చదివినప్పుడు నాకు కనిపించింది, అప్పుడు బయటికి వచ్చింది.

"నాకు భయం నాయనా. ఆడ అందరూ ఇంగ్లీషులో మాట్లాడతారు. నేను నోరు తెరిస్తే నవ్వుతారు. ఈడ నేను ఫస్టు. ఆడ నేనెవరో ఎవరికీ తెలీదు."

నాయన సుత్తి పక్కన పెట్టాడు. ఆయన ఓదార్చడం తెలిసిన మనిషి కాదు.

"భయమైతే భయమని చెప్పల్ల," అన్నాడు. "మగ్గం మీద పెట్టొద్దు. నా మీద పెట్టొద్దు. రేపు నీకు పదేండ్లకు మా నాయన వల్ల నేను పోలేదు అనిపిస్తే, అప్పుడు నేను యాడికి పోయి సమాధానం చెప్పేది? ఉంటానంటే ఉండు తల్లీ. మేకులు మళ్ల కొడతా, పెద్దంచే నేద్దాం. అయితే నీకు ఇష్టమని ఉండు. నాకోసమని ఉండొద్దు."

ఆ మాటకు కోపమే వచ్చింది ముందు. ఎంత హాయిగా ఉండేది, త్యాగం చేసినదాన్నని చెప్పుకుంటూ జీవితమంతా గడిపేయడం! పెద్దమ్మ గోడ మీంచి బంగారం అంటుంటే వినడం! ఇల్లు వదిలిపోవడం కష్టమని అందరూ అంటారు. నిజమే. కానీ ఇంట్లో ఉండిపోవాలన్నా ఒక కారణం కావాలి, ఆ కారణం సొంతది కావాలి. నాది సొంతది కాదు. నాయన నుంచి ఎత్తుకొచ్చిన కారణం అది. ఆయన సుత్తి పట్టుకొని వచ్చి తన వస్తువు తను తీసుకుపోయాడు.

రెండు రోజులు పట్టింది కొత్త వార్పు ఎక్కించడానికి. అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని దారాలు అందించాం. ముగ్గురం పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. మూడో రోజు, అంటే గడువు ముగిసే రోజు, మధ్యాహ్నం నాయన ఒక్కడే నేయడం మొదలుపెట్టాడు. నేను అలవాటుగా వచ్చి పలక ఉండాల్సిన చోట నేల మీద కూర్చున్నాను. ఇద్దరం నేసేటప్పుడు నాయన కాలు తొక్కి, నా నాడె కోసం ఒక క్షణం ఆగేవాడు. ఆ రోజు కూడా ఆగుతున్నాడు. పక్కన నాడె లేదు, మనిషి లేదు, అయినా ఆగి, గుర్తొచ్చి, మళ్లీ సాగిస్తున్నాడు. అట్లా పదిసార్లు ఆగాడు. తర్వాత తొమ్మిది నాడెలకు ఒకసారి. సాయంత్రం అవుతుండగా ఆగడం మానేశాడు.

ఏం చెప్పను, నేను లేకుండా మగ్గం ఆడుతోందని బాధ, ఆడుతోందని ఊరట. రెండూ ఒకేసారి. అప్పుడే ఇంకోటి కూడా తెలిసింది. ముప్పై ఏళ్ల అలవాటును ఈ మనిషి ఒక్క పూటలో మార్చుకుంటున్నాడు, పేరు పోతుందని తెలిసి. నలుగురు నవ్వుతారని నేను హైదరాబాదుకు భయపడితే, వీధి వీధంతా చూస్తుండగా ఆయన చిన్నంచుకు దిగాడు. ఆయన కూతురినని చెప్పుకోవాలంటే నేనూ ఏదో ఒకటి చేయాలి కదా. ఫోన్ తీసి, నాయన పక్కనే కూర్చుని, సొమ్ము కట్టి, ఒప్పుకుంటున్నానని నొక్కాను. రెండుసార్లు తప్పు నొక్కాను.

"కట్టేసినా నాయనా," అన్నాను.

"మంచిది," అని నాడె వేశాడు. "ఆ కండె అందుకో."

నేను బయల్దేరిన రోజు స్టేషన్‌కు ముగ్గురం ఆటోలో పోయాం. అమ్మ తయారై గదిలోంచి రాగానే నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. పట్టుచీర కట్టింది. నా ఎరుకలో అమ్మ మా మగ్గం మీద నేసిన చీర కట్టడం అదే మొదలు. మేం నేసేవి అమ్మడానికే, కట్టుకోవడానికి కాదు. పెళ్లిళ్లకు కూడా ఆమె నూలుచీరే. ఇప్పుడు రైల్వేస్టేషన్‌కు, పట్టపగలు, ఆషాఢం దుమ్ములో, ముదురు ఆకుపచ్చకు ఎర్ర అంచు పట్టుచీర! ప్లాట్‌ఫారం మీద అందరూ మావైపే చూస్తున్నారు.

బీరువాలో పెట్టిన చీర అది. చెంగు సర్దుకుంటుంటే భుజం దగ్గర ఆ జానెడు కనిపించింది. అంచు లోపలికి లాక్కుపోయి, వంకరగా, ఎర్రగా.

"అమ్మా, దాన్ని లోపలికి మడుచుకోమ్మా. చూసేవాళ్లు ఏమంటారు?"

"ఎందుకు మడిసేది? ఊరంతా తిరుగుతా ఇట్లనే." వేలు దానిమీద పెట్టింది. "నా బిడ్డ మా కోసం ఉండిపోతానన్న పొద్దు నేసింది ఇది. దీన్ని అమ్ముకుంటామా?"

నాకు తట్టుకోవడం కష్టమైంది. నాయన వైపు చూశాను. నీళ్ల బాటిల్ తెస్తానని ఆయన అంగడి వైపు పోయాడు. ఆయనకు తెలిసింది అమ్మకు చెప్పలేదన్నమాట. ఇంకో అబద్ధం మోసుకొని రైలెక్కే ఓపిక నాకు లేదు.

"మీ కోసం కాదమ్మా," అన్నాను. "భయపడి ఉంటానన్నా. నాయనకు తెలుసు. నేను ఉత్త పిరికిదాన్ని."

అమ్మ నవ్వింది. చీర మడిచిన రోజు ఆగిన రాట్నం నాకప్పుడు గుర్తొచ్చింది. అన్నీ వినే ఉంది ఈమె.

"నాకు తెలీదంటనే! అంత పెద్దగా ఏడిస్తివి, వీధంతా ఇన్నారు." నా కొంగుకు పిన్నీసు సరిగా పెడుతూ అంది. "పిరికిదానివే. అయితే మమ్మల్ని ఇడిసి పోవడానికే కదా నీకు భయం? ఇంట్లో ఎవరూ లేనోళ్లకు ఆ భయం యాడిది?"

రైలు వచ్చింది. నాయన నీళ్ల బాటిల్ కిటికీలోంచి అందించి, సీటు కింద పెట్టె సరిగా పెట్టుకున్నానా అని మూడుసార్లు అడిగాడు. కదిలేటప్పుడు అమ్మ చేయి ఊపలేదు. భుజం మీది ఆ జానెడును పట్టుకొని నిలబడింది.